తరుగు

ఎనుమాముల మార్కెట్ గోడకు ఆనుకొని
అంగన్‌వాడీ, ఒకటే గది.
మార్చి నెల. తలుపు తీయగానే
మిర్చి ఘాటు నాకంటే ముందు లోపలికొచ్చి కూర్చుంది.
నేను తుమ్ముతుంటే పిల్లలు నవ్వారు.
వాళ్ల ముక్కులు ఎప్పుడో రాజీపడ్డాయి.
దేనికి మేలుకోవాలో దేనికి నిద్రపోవాలో
ఇంద్రియాలకు ఊరే నేర్పుతుందని
నోట్‌బుక్కులో రాసుకున్నాను. తర్వాత కొట్టేశాను.
నేనొచ్చిన పని అది కాదు.

సంచిలో రెండు గ్లాసులు, మూతలున్న మూడు డబ్బాలు,
స్టాప్‌వాచ్, నలభై ఫారాలు.
యూనివర్సిటీ నుంచి తెచ్చిన పసుపు క్లే
వరంగల్ ఎండకు బిస్కెట్టులా విరిగిపోయింది.
ఆయా స్వరూపక్క బోరింగు పక్కన తవ్వి
దోసెడు నల్లరేగడి తెచ్చిచ్చింది.
"గిదైతె ఇడువదు మేడం."

రెండు ఉండలు చేశాను.
గిల్లి, అద్ది, మళ్లీ గిల్లి,
పిల్లలందరూ సమానమే అనేదాకా.
అప్పుడు ఒకదాన్ని అరచేతుల మధ్య నొక్కి
రొట్టెలా పరిచాను.
ఇప్పుడు?

ఈ వయసులో పరిచిందే ఎక్కువంటారు.
వెడల్పు కనబడితే మందం మరిచిపోతారు.
చూపు ఒక్కచోటే కాలు మోపుతుంది,
రెండోచోటికి దూకడానికి ఇంకో రెండేళ్లు పడుతుంది.
ఇదంతా నాకు కంఠస్థం,
పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదే.
మేఘన ఎక్కువంది. ఫైజాన్ ఎక్కువన్నాడు.
టిక్కు. టిక్కు.

రిజిస్టరులో సాత్విక్.
పలికేది మాత్రం ఐలయ్యా అంటేనే, తాత పేరు.
హమాలీ కొడుకు, నాలుగేళ్ల ఎనిమిది నెలలు.
వాడు మట్టిని చూడలేదు,
నా చేతుల్ని చూశాడు.
"గిది తక్కువైంది."
ఎందుకు నాన్నా?
"నువ్వు వట్టుకున్నవ్ గదా."
పట్టుకుంటే?
ఇంత పెద్దదానికి ఇది కూడా తెలియదా అన్నట్టు చూసి
నెమ్మదిగా చెప్పాడు:
"మా బాపు బస్తా దించుతడు.
ఒకలొచ్చి పిడికెడు తీసి చూస్తరు.
ఇంకొకలొచ్చి పిడికెడు.
కాంట కాడ తరుగు అంటరు.
ముట్టుకుంటె వోతది."

ఫారంలో మూడు గళ్లు:
ఎక్కువ, తక్కువ, సమానం.
మధ్య గడి ఎవరూ నింపరని
మా గైడు దాన్ని కాస్త ఇరుకుగా అచ్చు వేయించారు.
ఫోన్ చేస్తే, "పొరపాటున అనుంటాడు, తీసేయ్."

తీసేయలేక
సాయంత్రం చౌరస్తాలో వెండి దుకాణానికి వెళ్లి
తడిగుడ్డలో చుట్టిన రెండింటినీ బల్ల మీద పెట్టాను.
సేటు నన్ను కిందినుంచి పైకి చూశాడు.
పట్టీలూ మెట్టెలూ తూచే కాంటా మీద
రేగడి మట్టి ఎక్కింది.
రొట్టె గ్రామున్నర తక్కువ.
"తడి ఆరి ఉంటది," అన్నాడు చేయి తుడుచుకుంటూ.
అయ్యుండొచ్చు.
పల్చగా పరిచింది తొందరగా ఆరుతుంది,
కల్లంలో మిర్చి ఆరబోసేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.
హన్మకొండ బస్సులో కమ్మీ పట్టుకున్నప్పుడు చూశాను,
నా పది గోళ్ల కింద
పది నల్లటి గీతలు.

మర్నాడు వాడే ఎదురొచ్చాడు.
"తక్కువైందా?"
అయింది.
"ఎటు వోయింది?"
చేతులు చాపాను.
సబ్బుకు లొంగనిది ఇంకా కొంత మిగిలే ఉంది.
చీపురు పుల్ల ఒకటి విరిచి
నా వేలు గట్టిగా పట్టుకొని
నాలుక కొస బయటపెట్టి
ఒక్కో గోటి కిందా గీకాడు.
రాలిన ఆ కాస్తంత మట్టిని రొట్టెకు అద్ది
బొటనవేలితో నొక్కాడు.
తల పక్కకు వంచి చూశాడు.

"గిప్పుడు సమానం," అన్నాడు,
"ఇగ ముట్టకు."